వ్యాస సాధన: స్పీడ్ చలానా ఎవరిది?

సెప్టెంబరులో నేను రాసిన ఒక ప్రాక్టీస్ ఎస్సే గురించి ఈ పోస్టు. టాపిక్ ఇది: "భారీ జరిమానాలు రోడ్ల మీద క్రమశిక్షణ తెస్తాయా?" 125కి 68 వచ్చాయి. నా వరకు అది మంచి మార్కే. పేపరు దిద్దిన సార్ కింద ఒక్క లైను రాశారు: "లెక్కలు బాగున్నాయి, మనుషులు లేరు." ఏదో రాయాలని రాశారులే అనుకున్నాను. దసరాకి ఇంటికి వెళ్లాక ఆ మాట నన్ను పట్టుకుంది.

ముందు నేను రాసిందేమిటో చెప్తాను. మీలో ఎవరికైనా పనికొస్తే వాడుకోండి. 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం ఆ మరణాల్లో 71 శాతానికి పైగా అతివేగం వల్ల జరిగినవే. మోటారు వాహనాల సవరణ చట్టం 2019 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. అతివేగానికి మొదటిసారి దొరికితే అంతకుముందు 400 రూపాయల వరకే జరిమానా. 183వ సెక్షన్ మారాక కార్లు, చిన్న గూడ్స్ బండ్ల లాంటి తేలికపాటి వాహనాలకు అది 1,000 నుంచి 2,000, పెద్ద వాహనాలకు 2,000 నుంచి 4,000 అయింది. మళ్లీ దొరికితే లైసెన్సు లాగేసుకుంటారు. కెమెరాలతో నిఘా పెట్టడానికి 136ఎ సెక్షన్ కొత్తగా చేర్చారు. 2021 ఆగస్టులో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరా ఉన్న చోట హెచ్చరిక బోర్డు ఉండాలి, నేరం జరిగిన 15 రోజుల్లోపు నోటీసు అందాలి.

దీనికి గ్యారీ బెకర్‌ని కలిపాను. ఆయన 1968లో రాసిన వ్యాసం మన నోట్సుల్లో అందరికీ ఉన్నదే. తప్పు చేసేవాడు శిక్ష ఎంత అని ఒక్కటే చూడడు, దొరికే అవకాశం ఎంత అని కూడా లెక్కేసుకుంటాడు. కెమెరా ఆ అవకాశాన్ని పెంచుతుంది, పైగా ఎవరి బండి అని చూడదు, చేయి చాపదు. కాబట్టి కెమెరాలు పెంచాలి, జరిమానాలు గట్టిగా వసూలు చేయాలి. ఇదీ నా ముగింపు. ఫిన్లాండ్ ముచ్చట కూడా పెట్టాను. అక్కడ జరిమానా ఆదాయాన్ని బట్టి ఉంటుంది. 2002లో ఒక నోకియా అధికారి 50 ఉన్న చోట 75లో వెళ్లినందుకు 1,16,000 యూరోలు పడింది. ఇలాంటివి పెడితే పేపరు మెరుస్తుందని మనందరికీ ఒక నమ్మకం.

ఇక మనిషి సంగతి.

మాది జంషెడ్‌పూర్, కదమా. అక్కడ తెలుగువాళ్లేంటని హైదరాబాదులో ప్రతివాళ్లూ అడుగుతారు. ఉక్కు కర్మాగారం మొదలైన రోజుల నుంచీ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి పనికోసం వెళ్లినవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు. కదమాలో ఆంధ్రా అసోసియేషన్ ఉంది, బిష్టుపూర్‌లో మనవాళ్ల రామమందిరం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ. మా అమ్మ తమ్ముడు డ్రైవరు. వయసు 51. ఇప్పుడు ఒక ఓనరు దగ్గర పికప్ వ్యాను నడుపుతున్నాడు. తెల్లారేసరికి ఇనుప సామాను ఎక్కించుకుని రాంచీలో దించడం, తిరిగి వచ్చేటప్పుడు కూరగాయలు సాక్చి బజారుకి తేవడం. నూట ముప్పై కిలోమీటర్లు వెళ్లడం, నూట ముప్పై రావడం.

దసరా సెలవుల్లో ఒక సాయంత్రం మా ఇంటి అరుగు మీద కూర్చుని నా ఎస్సే ఆయనకి చదివి వినిపించాను. కొంచెం గొప్ప కోసమే, దాచడం ఎందుకు. అంతా విని "బాగుందల్లుడా. కెమెరా ఎవుడు పెట్టాడో తెల్సా?" అన్నాడు. తెలుసు. ఆ కథ నిజంగా తమాషాగా ఉంటుంది. మారిస్ గాట్సోనైడ్స్ అని డచ్చివాడు, కార్ల రేసుల్లో పాల్గొనేవాడు, 1953లో మాంటే కార్లో ర్యాలీ గెలిచాడు. మలుపుల్లో తన కారు ఎంత వేగంగా పోతోందో కొలుచుకుని ఇంకా వేగంగా పోవడానికి ఒక యంత్రం తయారు చేసుకున్నాడు. అదే తర్వాత ప్రపంచమంతా పోలీసుల చేతికి వచ్చింది. ఇది చెప్తే మావయ్య పడీపడీ నవ్వాడు. "అయితే ఆడూ మా వోడే" అన్నాడు.

కెమెరా గురించి రోడ్డు మీద డ్రైవర్లు ఏమనుకుంటారో అప్పుడు చెప్పడం మొదలుపెట్టాడు. ఎదురొచ్చే బండి పగటిపూట రెండుసార్లు లైటు కొడితే ముందు స్పీడు గన్ను ఉన్నట్టు. హిందీ డ్రైవర్లు, బెంగాలీ డ్రైవర్లు, మనవాళ్లు, అందరికీ ఆ భాష ఒకటే. చాండిల్ దాటాక ఢాబాలో టీ తాగుతూ ఏ రోజు ఎక్కడ నిలబడ్డారో చెప్పుకుంటారు. ఉన్న చోట 40కి దిగుతారు, దాటిన మరుక్షణం పోయిన సమయం రాబట్టుకోవడానికి 80కి ఎక్కుతారు. "ఆ 80 ఎక్కేది ఎక్కడ? ఊరి మధ్యలోనే కదా" అన్నాను. "అవును, అక్కడే" అన్నాడు. దాచుకోలేదు. ఒక్క చోట నిలబెట్టే కెమెరా కన్నా రెండు చోట్ల పెట్టి మధ్య దూరానికి సగటు వేగం కట్టే పద్ధతి ఎందుకు మేలో ఆ ఒక్క జవాబుతో నాకు అర్థమైంది. పుస్తకంలో చదివినప్పుడు అది ఒక పాయింటు మాత్రమే.

జరిమానా అంటే ఆయన లెక్కలో ఏమిటని అడిగాను. "టోలు గేటు లాంటిదే. కాకపోతే టోలు ఓనరు కడతాడు, ఇది నేను కడతాను."

ఇక్కడ కొంచెం ఆగాలి. ఈ పికప్ వ్యాను కన్నా ముందు మావయ్య ఏడేళ్లు ఒక పెద్ద ప్లాంటు లోపల కాంట్రాక్టు డ్రైవరుగా పనిచేశాడు. గేటు లోపల వేగం హద్దు సైకిలు తొక్కినట్టు ఉంటుంది. ఆ ఏడేళ్లలో ఒక్కసారి కూడా దాటలేదు. అదే మనిషి డ్యూటీ దిగి బయటికి వస్తే మెరైన్ డ్రైవ్ రోడ్డు మీద స్కూటరుతో గాల్లో తేలేవాడు. చిన్నప్పుడు వెనక కూర్చుని నేను కేరింతలు కొట్టేవాణ్ని. లోపల అంత బుద్ధి ఎలా వచ్చిందంటే, భయం అనుకుంటాం. కొంత భయమే. దొరికితే గేటు పాసు పోతుంది. కానీ ఆయన చెప్పింది వేరే. "లోపల నేను దొరికితే కాంట్రాక్టరు బిల్లు కూడా ఆగిపోద్ది. అందుకని ఆడే పొద్దున్నే వొచ్చి, నెమ్మదిగా ఎల్లండ్రా బాబూ అని దణ్ణం పెట్టీవోడు. బయట ఓనరు ఏటంటాడు? ఆరు దాటితే కూరగాయలు ఎవుడు కొంటాడు అంటాడు."

బెకర్ లెక్కలో తప్పు చేసేవాడూ, శిక్ష పడేవాడూ, లాభం పొందేవాడూ ఒక్కడే. మావయ్య వ్యానులో అలా కాదు. 20 నిమిషాలు ముందు చేరితే వచ్చే లాభం ఓనరుది. చలానా మావయ్యది.

ఆ మాట మీదే "నీకెప్పుడైనా పడిందా?" అని అడిగాను. ఒకసారి పడిందట, 2,000. ఇ-చలానా రిజిస్టరు అయిన నంబరుకే వెళ్తుంది కాబట్టి ముందు ఓనరు ఫోనుకి వచ్చింది. ఆయన నెల జీతం ఇచ్చే రోజున కోసుకుని మెసేజ్ చూపించాడు. అంటే రోడ్డు మీద చేసిన తప్పుకి కబురు మావయ్యకి మూడు వారాల తర్వాత, జీతం కవరులో వచ్చింది. నోటీసు 15 రోజుల్లో అందాలన్న నియమం ఓనరు వరకే పనిచేసింది. మెసేజ్ ఫొటో మావయ్య ఫోనులో ఇంకా ఉంది. తీసి చూశాను. బోర్డు వేగం 40, బండి వేగం 61. తేదీ 16-06-2024, ఉదయం 8 గంటల 7 నిమిషాలు.

ఆ తేదీ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ప్రిలిమ్స్ రోజు.

నా సెంటరు రాంచీలో పడింది. ముందు రోజు బస్సుకి వెళ్లి లాడ్జిలో దిగమని అమ్మ అంది. ఎనిమిది వందలు దండగ, మావయ్య ఎలాగూ వెళ్తాడు కదా అన్నాను. ఆ రోజు లోడింగు ఆలస్యమై ఆరు దాటాక బయల్దేరాం. పరీక్ష తొమ్మిదిన్నరకే అయినా తొమ్మిదికే గేటు మూసేస్తారు. తమాడ్ వచ్చేసరికి నా చేతులు చల్లబడ్డాయి. బుండూ దగ్గర ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "మావయ్యా, కొంచెం తొక్కు." ఆ తర్వాత ఒకసారి కాదు, నాలుగైదు సార్లు అన్నాను. ఎనిమిదీ నలభై ఎనిమిదికి సెంటరు ముందు దిగాను. ఆ ఏడాది పాస్ కాలేదు, అది వేరే సంగతి. మధ్యలో ఒక ఊళ్లో వ్యాను ఒక్కసారి గట్టిగా కుదుపుతో ఆగింది. యూనిఫాం లేదు, ఆదివారం కదా, ఎవరో పిల్ల సైకిలు మీద రోడ్డు దాటుతోంది. మావయ్య హారన్ కొట్టాడు. నేను కరెంట్ అఫైర్స్ పీడీఎఫ్‌లో తలపెట్టుకుని ఉన్నాను. తల ఎత్తి చూసి మళ్లీ దించేశాను. 40లో వెళ్తే ఒక్క సెకనుకి బండి 11 మీటర్లు పోతుంది, 61లో 17 మీటర్లు. బండిలో ఉండే శక్తి రెండు రెట్లకు పైన. ఈ లెక్క కూడా నా ఎస్సేలో ఉంది.

నాలుగు నెలలు మావయ్య ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. చెప్తే పరీక్ష పోయిన బాధకి ఇది తోడవుతుందని. అరుగు మీద ఫొటో చూసి నేను మాట్లాడకపోతే "తేదీ సూసేసావా" అని మాత్రం అన్నాడు.

ఆ రాత్రి 183వ సెక్షన్ మొత్తం మళ్లీ చదివాను. ఎస్సే రాసినప్పుడు కోచింగ్ నోట్సులో ఉన్న జరిమానాల పట్టిక మాత్రమే చూశాను. అసలు పాఠం చూస్తే మొదటి వాక్యంలోనే ఉంది. బండి నడిపేవాడే కాదు, తన కింద పనిచేసేవాడి చేత అలా నడిపించేవాడు కూడా శిక్షకు అర్హుడే. నాలుగో ఉపసెక్షన్ ఇంకా సూటిగా ఉంది. ఇంత సమయంలో చేరాలని ఎవరైనా టైంటేబులు ప్రకటించినా, ఆదేశం ఇచ్చినా, వేగం హద్దు దాటకుండా అంత సమయంలో చేరడం సాధ్యం కాదని కోర్టు భావిస్తే, ఆ టైంటేబులు పెట్టినవాడు, ఆదేశం ఇచ్చినవాడు తప్పు చేశాడనడానికి అదే ప్రాథమిక సాక్ష్యం. పది నిమిషాల్లో సరుకులు తెచ్చిస్తామనే ప్రకటనలు చూసినప్పుడల్లా ఇప్పుడు నాకు ఇదే గుర్తొస్తుంది. మర్నాడు ఢాబాలో మావయ్య స్నేహితుల్ని అడిగాను. ఆ ఉపసెక్షన్ సంగతి విన్నవాడు ఒక్కడూ లేడు. వినడానికి ఎలా వీలుంటుంది? కెమెరా నంబరు ప్లేటు తీస్తుంది. "ఆరింటికల్లా ఉండాలి" అన్న ఫోను కాల్ తీయదు. పక్కన కూర్చుని "తొక్కు" అన్నవాణ్ని తీయదు.

అలాగని కెమెరాలు వద్దనడం లేదు. ఫ్రాన్సులో 2018–19లో పసుపు చొక్కాల ఉద్యమం వాళ్లు సగానికి పైగా రాడార్లను పగలగొట్టారు, లేదా పనిచేయకుండా చేశారు. అలా పగలగొడితే ఆ ఊళ్లో సైకిలు పిల్లకి ఒరిగేదేమీ లేదు. ఎదురుగా వచ్చేవాడికి ఎవరు తొందరపెట్టారన్నది అనవసరం, బండి వేగమే ముఖ్యం. ఆ పూట ఆ గన్ను అక్కడ ఉండడం సరైనదే. మావయ్య కూడా 61 తప్పు లెక్క అనలేదు.

జరిమానాని జనం ఎలా చూస్తారన్నదానికి హైదరాబాదులో నా రూమ్మేట్ ఇంకో ఉదాహరణ. తెలంగాణలో 2022 మార్చిలో పాత చలానాల మీద రాయితీ ఇచ్చారు. బైకులకి పావు వంతు కడితే చాలు. 2023 డిసెంబరులో మళ్లీ ఇచ్చారు, ఈసారి 80 శాతం తగ్గింపు. రెండింటి మధ్య నిజాయితీగా మొత్తం కట్టినవాడు మా వాడే. ఇప్పుడు చలానా వస్తే "సేల్ వచ్చేదాకా ఆగుదాం" అంటాడు. టోలు గేటు నుంచి డిస్కౌంటు మేళా దాకా వచ్చింది. ఏ రూపంలోనూ అది తప్పుకి పడిన శిక్షలా అనిపించడం లేదు.

హైదరాబాదు బయల్దేరే ముందు రోజు మావయ్య చేతిలో వెయ్యి రూపాయలు పెట్టాను. నాలుగో ఉపసెక్షన్ హిందీలో చదివి వినిపించి, అందులో "ఆదేశం" అన్నచోట నేనూ ఉన్నానని చెప్పాను. కాదన్లేదు, తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. నా చదువు మీద ఆయనకి ఉన్న గౌరవానికి అది గుర్తనుకుంటాను.

"మిగిలిన వెయ్యి మీ ఓనరుది" అన్నాను.

"ఆడ్ని నువ్వడుగుతావేటి?" అన్నాడు. మర్నాడు టాటానగర్ స్టేషనుకి స్కూటరు మీద దింపాడు. రైలుకి గంటన్నర ముందే బయల్దేరాం.