పెంకుల మసీదు

హోటల్ కౌంటర్ మీద పాస్‌పోర్టు పెట్టి నిలబడితే మాకు నోరు ఎండిపోతుంది. ఈ జబ్బు చైనాలో వచ్చింది కాదు. మన ఊళ్ళ లాడ్జీల దగ్గర పట్టుకున్నదే. ఫోన్లో ఉందన్న గది పేరు చెప్పేసరికి లేకుండా పోవడం మాకు కొత్త కాదు.

అది యునాన్ రాష్ట్రంలోని దాలీ పాత పట్టణం. కున్‌మింగ్ నుంచి రైల్లో రెండు గంటల దారి. ఒక పక్క నాలుగు వేల మీటర్లు దాటిన త్సాంగ్‌షాన్ కొండలు. ఇంకో పక్క అర్‌హాయ్ సరస్సు. బై జాతివాళ్ళ పాత ఇంటిని బాగుచేసి చిన్న హోటల్ చేశారు. మూడు వైపులా గదులు, నాలుగో వైపు తెల్లటి సున్నపు గోడ. ఎండ ఆ గోడ మీద పడి గదుల్లోకి వెలుగై వస్తుంది. మేడ మీది కిటికీ తీస్తే దూరంగా సరస్సు. అంత అందమైన చోట మేము ఎన్నడూ పడుకుని ఎరగం.

హోటలామె పాస్‌పోర్టు చూసి, ఫోన్లో మాట తర్జుమా చేసి అడిగింది: "మీరు హుయిలా?" హుయిలంటే చైనీస్ మాట్లాడే అక్కడి ముస్లింలు. కాదు, ఇండియా ముస్లింలం, పంది మాంసం తినం అన్నాం. "చింగ్‌జెన్" అని తలూపింది. స్వచ్ఛం, సత్యం అని ఆ మాటకు అర్థం. హలాల్‌కు వాళ్ళు అదే అంటారు. తెల్లవారి వేరే గిన్నెలో ఉడికించిన గుడ్లు, కాల్చిన బియ్యపు రొట్టె, బై వాళ్ళు చేసుకునే పాల జున్ను పెట్టింది. గది లేదనలేదు. ఎందుకొచ్చారనలేదు. ఇంత చిన్న మర్యాదకు మేము ఇంత పొంగిపోయాం. తర్వాత మా మీద మాకే జాలేసింది.

శుక్రవారం నమాజ్‌కు వెళ్ళాం. మసీదుకు గుమ్మటం లేదు. మూలలు పైకి లేచిన పెంకుల కప్పు. ఒక ముసలాయన సలాం చేశాడు. మేమూ చేశాం. ఆ ఒక్క మాటతో మా ఉమ్మడి భాష అయిపోయింది. అయినా ఆ కప్పు కింద మాకు పరాయితనం అనిపించలేదు. 1274లో బుఖారా వంశీకుడు సయ్యద్ అజల్ షంసుద్దీన్ యునాన్‌కు పాలకుడుగా వచ్చాడు. ఏడు వందల ఏళ్ళకు పైగా వీళ్ళు ఆ మట్టి మనుషులు. ఆ మట్టి ఇళ్ళలాగే మసీదు కట్టుకున్నారు. ఎవరూ కట్టమనలేదు.

మేము దూదేకులవాళ్ళం. ఇంట్లో తాతల కాలం నుంచీ తెలుగే. ఆ పెంకులు మాకు అర్థమయ్యాయి.

కానీ పెంకులు కాపాడాయా? 1856లో కున్‌మింగ్‌లో ముస్లింలను ఊచకోత కోశారు. ఆ ఏడే దూ వెన్‌షియు దాలీ రాజధానిగా తిరగబడ్డాడు. అతని కొలువులో హాన్‌లూ బైలూ ఉన్నారు. 1872 చివర చింగ్ సైన్యం చేతిలో ఓడాడు. విషం మింగి లొంగిపోయినా తల నరికారు. ఊరినీ వదల్లేదు. అతని కోట ఇప్పుడు మ్యూజియం. మా హోటల్ ఉన్న పట్టణంలోనే ఉంది. 1975లో ఇదే రాష్ట్రంలోని షాదియాన్‌లో సైన్యం వెయ్యిమందికి పైగా ముస్లింలను చంపింది.

కొన్నేళ్ళుగా 'చైనీకరణ' నడుస్తోంది. 2023లో నజియాయింగ్ మసీదు గుమ్మటాలు కూల్చడానికి వస్తే ఊరు అడ్డం తిరిగింది. అయినా అవి మిగల్లేదు. షాదియాన్ పెద్ద మసీదు గుమ్మటం కూడా పోయింది. దాని చోట చైనా తరహా కప్పు పెట్టారు. షింజియాంగ్‌లో ఉయిఘుర్లను లక్షల్లో శిబిరాల్లో పెట్టారు. దానితో పోలిస్తే ఇది చిన్నదే అనేవాళ్ళుంటారు. కొలతలు మాకొద్దు.

రెండూ పెంకుల కప్పులే. ఒకటి వాళ్ళు కట్టుకున్నది. ఒకటి వాళ్ళ నెత్తిన పెట్టింది. చూసేవాళ్ళకు రెండూ ఒకటే అందం. మా కిటికీలోంచి ఈ తేడా కనిపించదు. మాకు కడుపు నిండా పెట్టిన ఆ మంచి మనిషిని దీని గురించి అడగలేకపోయాం. అడిగితే ఆమెకేమవుతుందో అని. ఆ మౌనానికీ మేము డబ్బు కట్టినట్టే.

మన దగ్గరా అంతే. మేము తెలుగు మాట్లాడటం ఒకటి. దేశభక్తికి రుజువుగా మాతో తెలుగు మాట్లాడించడం మరొకటి. అసలు ముస్లింలేనా అని అటువాళ్ళు, అసలు మనవాళ్ళేనా అని ఇటువాళ్ళు అడుగుతారు. రెండు కౌంటర్ల దగ్గరా పాస్‌పోర్టు చూపిస్తూనే ఉన్నాం.

తిరిగొచ్చాక రైల్లో ఒకాయన మా పేర్లు అడిగి, ఆశ్చర్యపోయి అన్నాడు: "మీ తెలుగు చాలా బాగుందండీ!"

ఇదివరకైతే థాంక్స్ అనేవాళ్ళం. ఈసారి అనలేదు.

"మా అమ్మ భాషేనండీ" అన్నాం.