నాన్న తోస్తుంటే... డిస్నీ చూశా!

ఫ్లోరిడా ప్రయాణం ఇంకో పన్నెండు రోజులుందనగా నా ఎడమ కాలు విరిగింది. సాహసమేదో చేసి కాదు. అట్లాంటాలో ఆదివారం పూట మనవాళ్లంతా కలిసి టెన్నిస్ బంతితో ఆడే క్రికెట్‌లో, క్యాచ్ పట్టబోయి పాదం మడతపడింది. క్యాచ్ కూడా వదిలేశాను. ఎక్స్‌రే చూసిన డాక్టరు చిటికెన వేలి వెనక ఎముకలో చీలిక ఉందని చెప్పి, మోకాలి కిందదాకా వచ్చే నల్ల బూటు తొడిగింది. ఆరు వారాలు అలాగే ఉండాలట. ఇంట్లో నాలుగడుగులు వేయొచ్చు, దూరాలు మాత్రం నడవకూడదు.

అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి అప్పటికి ఐదు నెలలు. మే మొదటి వారంలో తిరుగు ప్రయాణం. ‘ఈ రిలీజ్ అయ్యాక వెళ్దాం, ఆ రిలీజ్ అయ్యాక వెళ్దాం’ అంటూ వాయిదా వేసీ వేసీ, చివరికి ఏప్రిల్‌లో కుదుర్చుకున్నాను. హోటలూ, టికెట్లూ అన్నీ కొనేశాను.

“కాలిరిగినోడివి, ఎక్కడికిరా వెళ్లేది? ఆ బొమ్మల కొలువు చూడకపోతే కొంపలేం మునగవు” అంది అమ్మ.

నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “అక్కడ చక్రాల కుర్చీ దొరుకుతుందేమో కనుక్కో. నేను తోస్తా” అన్నాడు.

ఆ మాట నాన్న నోటి నుంచి రావడం నాకు ఆశ్చర్యంగానే అనిపించింది. ఎందుకో తర్వాత చెబుతాను.

ఆలస్యంగా వెళ్తే ఇంతే

విరిగింది ఎడమ కాలు కావడం ఒకందుకు నయమైంది. ఇక్కడి కార్లన్నీ ఆటోమేటిక్, కుడికాలు ఒక్కటుంటే చాలు. అట్లాంటా నుంచి ఓర్లాండో సుమారు 440 మైళ్లు. రెండేసి గంటలకోసారి ఆగుతూ, బూటు విప్పి కాలు చాపుకుంటూ సాయంత్రానికి చేరాం.

వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో నాలుగు థీమ్ పార్కులున్నాయి. వాటిలో మొదటిది మ్యాజిక్ కింగ్‌డమ్, 1971 అక్టోబరు 1న తెరిచారు. మేం వెళ్లింది దానికే. కారు పెట్టాక నేరుగా పార్కులోకి వెళ్లలేం. మధ్యలో పెద్ద సరస్సు. అటువైపు వెళ్లాలంటే మోనోరైలు ఎక్కాలి, లేదంటే పెద్ద పడవ ఎక్కాలి. అమ్మ పడవే కావాలంది. కృష్ణలో పంటు ఎక్కినట్టుందని సంబరపడింది.

గేటు దాటగానే కుర్చీలు అద్దెకిచ్చే చోటు ఉంటుంది. స్కూటర్‌లా బ్యాటరీతో నడిచే బండ్లు కూడా ఇస్తారు. నేను మనసులో దాన్నే అనుకున్నాను. అరవై రెండేళ్ల నాన్న చేత తోయించుకోవడమేంటి? కానీ అక్కడ ముందొచ్చినవాళ్లకే ఇస్తారు. మేం పులిహోర కలిపి, డబ్బాలు సర్దుకుని వెళ్లేసరికి పదకొండు దాటింది. బ్యాటరీ బండ్లు అయిపోయాయి. మామూలు కుర్చీ ఒకటి తెచ్చిచ్చారు.

కూర్చున్నాను. నాన్న వెనక నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, ఒకసారి ముందుకీ వెనక్కీ కదిపి చూశాడు.

“చిన్నప్పుడు నీకు మూడు చక్రాల సైకిల్ కొన్నప్పుడు ఇట్లాగే తోశా. అప్పుడింత బరువు లేవు” అన్నాడు.

నడుముల ఎత్తులో లోకం

మెయిన్ స్ట్రీట్‌లో గుర్రపు ట్రామ్ పట్టాలుంటాయి. వందేళ్ల కిందటి అమెరికా ఊరి వీధిలా కట్టారు కదా, అందుకని. మేం పది నిమిషాలు తిరగకముందే కుర్చీ ముందు చక్రం ఆ పట్టా సందులో ఇరుక్కుంది. నేను ముందుకు తూలాను. అమ్మ ‘ఓరి దేవుడో’ అని అరిచింది. పక్కన వెళ్తున్న ఒకాయన, చంకలో పిల్లని భార్యకిచ్చి, కుర్చీ ముందు భాగం పైకెత్తి పక్కన పెట్టాడు. పట్టాని ఏటవాలుగా కాకుండా అడ్డంగా, నేరుగా దాటాలని చేత్తో చూపించి వెళ్లిపోయాడు. నాన్న ముప్పయ్యారేళ్లు విద్యుత్ శాఖలో లైన్ల మీద పనిచేసిన మనిషి. ఒకసారి చూపిస్తే మళ్లీ చెప్పక్కర్లేదు. పల్లం వచ్చినప్పుడు కుర్చీని వెనక్కి తిప్పి దింపాలని గంటలో తనే కనిపెట్టాడు.

కుర్చీలో కూర్చుంటే లోకం ఇంకోలా కనపడుతుంది. అందరికీ కోట కనపడుతుంటే నాకు నడుములు, బ్యాగులు, కారిపోతున్న ఐస్‌క్రీములు కనపడుతున్నాయి. పెద్దవాళ్లు నా తల మీదుగా మాట్లాడేస్తున్నారు. నీళ్ల సీసా కొనడానికి వెళ్తే పక్కన క్యూలో ఉన్నాయన, “అబ్బాయికి ఎలా ఉంది?” అని నాన్నని అడిగాడు. నాన్నకి ఇంగ్లిష్ అంతంత మాత్రం. నవ్వి నా వైపు చూశాడు. ‘బాగానే ఉన్నానండీ’ అని కింద నుంచి నేను చెప్పాల్సి వచ్చింది. కాలికి దెబ్బ తగిలితే నోరు కూడా పోతుందనుకుంటారా?

చిన్నపిల్లలు మాత్రం నా కళ్లలోకి నేరుగా చూసేవాళ్లు. వాళ్లూ నేనూ ఒకే ఎత్తు కదా. తోపుడు బండిలో ఉన్న ఒక పిల్ల నా బూటు వైపు చూసి, చేయి ఊపింది. ఇక్కడి ఉద్యోగుల్ని ‘కాస్ట్ మెంబర్స్’ అంటారు, అంటే నాటకంలో పాత్రధారుల్లాంటి వాళ్లన్నమాట. వాళ్లలో కొందరు నాతో మాట్లాడేటప్పుడు వంగి, నా ముఖం ఎత్తుకి వచ్చి మాట్లాడారు. చిన్న విషయమే. కానీ ఆ రోజు నాకు చిన్నదిగా అనిపించలేదు.

ఏది ఎక్కొచ్చు, ఏది ఎక్కలేం

కుర్చీలో ఉంటే క్యూలో ముందుకు పంపేస్తారని ఆఫీసులో ఒక ఫ్రెండు ఊరించాడు. అదేం లేదు. చాలా రైడ్లకి క్యూ దారులే కుర్చీ పట్టేంత వెడల్పుగా ఉంటాయి, అందరితోపాటే నిలబడాలి. నా విషయంలో, కూర్చోవాలి. ప్రతి రైడుకీ ఎవరెలా ఎక్కొచ్చో ముందే రాసి ఉంటుంది. కొన్నింట్లో కుర్చీ దిగకుండానే వెళ్లొచ్చు. కొన్నింట్లో కుర్చీ నుంచి రైడు సీటులోకి మారాలి. కొన్నింటికి సొంతంగా అడుగులు వేయగలిగి ఉండాలి. రోలర్ కోస్టర్ల జోలికి నేను వెళ్లలేదు. స్పేస్ మౌంటెన్‌కి అమ్మానాన్నల్ని పంపుదామనుకుంటే, అమ్మ ఆ అరుపులు విని దండం పెట్టేసింది.

‘ఇట్స్ ఎ స్మాల్ వరల్డ్’లో కుర్చీతో సహా ఎక్కే పడవ ఉంది. 1964 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శన కోసం మొదట తయారుచేసిన రైడు అది. దేశదేశాల బొమ్మలు పాడుతుంటాయి. మన దేశపు బొమ్మలు రాగానే అమ్మ పడవలో సగం లేచింది. హాంటెడ్ మాన్షన్‌లో మాత్రం కుర్చీ వదిలి, కదిలే పట్టా మీద అడుగేసి సీటెక్కాలి. అడిగితే ఆ పట్టా వేగం తగ్గించారు. నాన్న భుజం పట్టుకుని ఎక్కాను. లోపల దెయ్యాల కంటే దిగేటప్పుడు నా కాలికే ఎక్కువ భయపడ్డాను.

నాన్నకి బాగా నచ్చింది ‘కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్’. ఇదీ 1964 నాటిదే. 1975 నుంచి ఫ్లోరిడాలో ఉంది. వేదిక కదలదు, మనం కూర్చున్న గ్యాలరీయే దాని చుట్టూ తిరుగుతుంది. కరెంటు రాకముందు ఒక కుటుంబం ఎలా బతికింది, వచ్చాక ఎలా మారింది అన్నది కథ. 1920ల నాటి ఇంట్లో ఎక్కడ చూసినా వైర్లే, అన్నీ ఒకేసారి వేసేసరికి ఫ్యూజు ఎగిరిపోతుంది. నాన్న పగలబడి నవ్వాడు. “ఇట్లాంటి ఇళ్లు మన ఐతానగర్‌లో ఎన్ని చూశానో!”

బయటికొచ్చాక నాన్నకో అనుమానం. “ఇంత పార్కులో ఒక్క కరెంటు తీగ కనపడదు, చెత్త బండి కనపడదు. ఎట్లాగంటావ్?”

నాకు తెలిసిన ప్రశ్న అది. మనం నడుస్తున్నది నిజానికి రెండో అంతస్తు. కింద యుటిలిడోర్ అనే సొరంగ మార్గాలున్నాయి. ఉద్యోగుల రాకపోకలు, సరుకులు, కేబుళ్లు అన్నీ అందులోంచే. ఫ్లోరిడాలో కొంచెం తవ్వితే నీళ్లు పడతాయి కాబట్టి, సొరంగాల్ని నేల మీదే కట్టి, సరస్సు తవ్విన మట్టిని చుట్టూ పోసి, దాని మీద పార్కు కట్టారు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే బ్యాకెండ్ అంతా కిందే. వాల్ట్ డిస్నీ దీన్ని చూడనే లేదు, 1966లోనే పోయాడు. రిటైరవ్వాల్సిన అన్న రాయ్ ఆగి, కట్టించి, తమ్ముడి పేరు పెట్టాడు. పార్కు తెరిచిన మూడు నెలలకే, డిసెంబరులో ఆయనా పోయాడు. ఇది చెప్పేసరికి నాన్న కుర్చీ ఆపి, కోటని ఇంకోసారి చూశాడు.

గోద్రెజ్ బీరువా వెనక కుర్చీ

మధ్యాహ్నం ఒక చెట్టు నీడన పులిహోర తిన్నాం. బయటి తిండి తెచ్చుకోనిస్తారు, గాజు సీసాలు మాత్రం కుదరదు. మా ఎదురుగా ఒక పెద్దావిడ, ఎనభై దాటి ఉంటాయి, చక్రాల కుర్చీలో ఉంది. తల మీద మిక్కీ చెవులు. మనవడనుకుంటా, స్పూనుతో ఐస్‌క్రీమ్ తినిపిస్తుంటే ఆవిడ చెయ్యి విదిలించి కప్పు తనే లాక్కుంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

నాన్న పులిహోర తినడం ఆపేసి అటే చూస్తున్నాడు.

మా నాయనమ్మకి ఎనభై మూడు. రెండేళ్ల కిందట పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది కానీ మళ్లీ సరిగా నడవలేదు. నేనే ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో చక్రాల కుర్చీ కొని పంపాను. అది మంచం నుంచి వసారా దాకా, వసారా నుంచి మంచం దాకా తిరుగుతుంది. మిగతా సమయమంతా మడతపెట్టి గోద్రెజ్ బీరువా వెనక. అంతకుముందు నాయనమ్మ ఏటా కార్తీక పౌర్ణమికి సూర్యలంక వెళ్లి సముద్ర స్నానం చేసేది. ‘ఈసారి తీసుకెళ్లరా’ అని రెండేళ్లూ అడిగిందట. ‘మెట్లు, ఇసక, జనం... నీకెందుకమ్మా అవస్థ’ అన్నాడట నాన్న. అసలు సంగతి నలుగురూ చూస్తారని. ఇప్పుడు మేం వచ్చేముందు ఆవిణ్ని మా అత్త ఇంట్లో ఉంచి వచ్చారు.

నాన్నని తప్పుపట్టడానికి నాకేం హక్కుంది? కుర్చీ పంపి, డెలివరీ అయిందని మెసేజ్ చూసుకుని, నా బాధ్యత తీరిపోయిందనుకున్నవాణ్ని. ‘నాయనమ్మ ఎక్కడికైనా వెళ్తోందా?’ అని రెండేళ్లలో ఒక్కసారి అడగలేదు. నాకు ఆరు వారాల కష్టం వస్తేనే, ఊరంతా నాకోసం ర్యాంపులు వేయాలనిపించింది.

రాత్రి బాణసంచా కోసం కోట ముందు చోటు చూసుకున్నాం. 189 అడుగుల కోట మీద రంగులు మారుతున్నాయి. అందరూ నిలబడితే నాకు వీపులు తప్ప ఏమీ కనపడలేదు. ముందున్న ఒక కుటుంబం వెనక్కి చూసి, అటూ ఇటూ జరిగి దారిచ్చింది. నాన్న నన్ను ముందుకు తోసి, బ్రేకు వేసి, నా భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చప్పుళ్ల మధ్యే వంగి, చెవిలో అన్నాడు:

“అమ్మని సూర్యలంక తీసుకెళ్లొచ్చురా. నేనే అనవసరంగా...”

మిగతా మాట వినపడలేదు. నేనూ మళ్లీ అడగలేదు.

హోటల్‌కి వచ్చాక నిద్రపట్టక ఫోన్‌లో చదువుతూ కూర్చున్నాను. ఈ ర్యాంపులు, ఈ వెడల్పాటి దారులు అమెరికాలోనూ ఊరికే రాలేదు. 1990 మార్చిలో, వికలాంగుల హక్కుల చట్టం కోసం పదుల మంది తమ కుర్చీలూ కర్రలూ వదిలేసి, వాషింగ్టన్‌లోని క్యాపిటల్ మెట్ల మీద పాక్కుంటూ ఎక్కారు. ఆ జులైలో చట్టం వచ్చింది. మనకీ 2016లో అలాంటి చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా మెట్ల పక్కన ర్యాంపు రాదు. బీరువా వెనక కుర్చీ బయటికి రావడానికి మాత్రం చట్టం అక్కర్లేదు.

కార్తీక పౌర్ణమి ఫోన్

నా బూటు మే నెలాఖరుకి ఊడింది. అప్పటికి అమ్మానాన్నలు తెనాలిలో ఉన్నారు.

నవంబరులో ఒక రాత్రి వీడియో కాల్ వచ్చింది. మా ఇక్కడ రాత్రి, అక్కడ తెల్లవారుతోంది. స్క్రీన్ నిండా సముద్రం. నాన్న అనుకున్నట్టే, రోడ్డు అయిపోయి ఇసక మొదలైనచోట చక్రాలు కూరుకుపోయాయి. కుర్చీని వెనక్కి తిప్పి లాగి చూశాడట, కదల్లేదు. ఇంతలో స్నానానికి వచ్చిన కుర్రాళ్లు నలుగురు, ఎవరో ఏమిటో కూడా అడక్కుండా, కుర్చీని నాలుగు పక్కలా పట్టుకుని పల్లకీలా ఎత్తి నీళ్ల దగ్గర దింపారట. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి పోయబోతే, అల ఒకటి వచ్చి నాయనమ్మ కాళ్లు తనే తడిపేసింది.

“నలుగురూ చూశారా?” అని నాన్నని అడిగాను.

“చూశారు. చూసి వచ్చి ఎత్తారు” అన్నాడు.

నాయనమ్మ ఫోన్ లాక్కుంది. తడి జుట్టు, నుదుటిన బొట్టు, ఒళ్లో ఆకు దొన్నెలో దీపం.

“ఏరా, కాలు బాగైందా? ఈ కుర్చీకి ఇసకలో తిరిగే చక్రాలు దొరకవట్రా మీ అమెరికాలో? మీ నాన్న నడుం పట్టేసిందంటున్నాడు. వచ్చే ఏడు కూడా రావాలి కదా!”

వెతుకుతున్నాను నాయనమ్మా.