ధర్మవరం చెరువుకట్టపై ఒక సాయంకాలం

మా సీమకు సముద్రం లేదు. అందుకే కాబోలు, పూర్వులు చెరువుకే సముద్రమని పేరుపెట్టి బుక్కరాయసముద్రం అన్నారు.

అస్ర్ నమాజు ముగించి మదరసా పిల్లలతో ధర్మవరం చెరువుకట్టపై నడిచాను. కనుచూపు మేర నీరు, దానిపై చల్లని గాలి. నంది కొండల్లో పుట్టిన చిత్రావతి బుక్కపట్నం చెరువును నింపిన పిమ్మటే ఇక్కడికి చేరుతుంది. ఎగువన వానలు కరువైన ఒక ఏడు, ఈ చెరువు బీటలువారగా మేము ఇస్తిస్ఖా నమాజు చేసి వర్షం కోసం అల్లాహ్‌ను వేడుకున్నాము.

మగ్రిబ్ వేళ పిల్లలు వుజూకు దిగారు. ఒకడు దోసిళ్లతో నీరు చిమ్ముతుండగా, పారే నది ఒడ్డున సైతం నీటిని వృథా చేయరాదన్న దైవప్రవక్త (స) ఉపదేశాన్ని గుర్తుచేశాను.

“ఇంత నీరుంది కదా, హజ్రత్!” అన్నాడు.

ఆ కరువు నాటికి వాడు పుట్టనే లేదు. ఊరిలో అజాన్ మొదలైంది.