పిన్ని గ్లాసు

మా పిన్ని స్టీలు గ్లాసు ఇప్పటికీ వంటింట్లో ఉండదు, పెరట్లో నూతిగట్టు మీద ఉంటుంది. 2019లో కంటి శుక్లాల ఆపరేషన్‌కి రాజమండ్రి తీసుకెళ్తే, ముందుగా చేసే రక్తపరీక్షల్లో ‘హెచ్‌సివి పాజిటివ్’ అని వచ్చింది. అమలాపురం దగ్గర మా ఊరికి ఆమెకన్నా ముందే ఆ కబురు చేరింది. “ఈ వయసులో ఈవిడకెక్కడిదీ రోగం?” అని తోడికోడలు అడిగిన తీరులో ప్రశ్నకన్నా తీర్పే ఎక్కువ. బాబాయిని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

“అమ్మడూ, నువ్వు డాక్టరువే కదా, ఇందులో ఏం రాశారో చెప్పు” అని పిన్ని ఆ కాగితం నా చేతిలో పెట్టింది. నాది సాహిత్యంలో డాక్టరేటు. అయినా చదవడమే నా పని గనక చదివాను.

ఆ పరీక్ష వైరస్‌ని వెతకదు. వైరస్‌ని ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టిన యాంటీబాడీలని వెతుకుతుంది. సోకినవాళ్ళలో సుమారు 30 శాతం మందికి మందులేవీ లేకుండానే ఆరునెలల్లో వైరస్ పోతుంది. యాంటీబాడీలు మాత్రం ఏళ్ళ తరబడి మిగిలిపోతాయి. కాగితం చెప్పింది ఎప్పుడో జరిగిన సంగతి కావచ్చు. ఊరు దాన్ని ఇవాళ్టి సంగతిగా, పైగా ఆమె నడవడికి సంబంధించిన సంగతిగా చదువుకుంది.

ఎప్పుడో అంటే? 1987లో, నేను పుట్టిన ఏడాదే, పిన్నికి 28 ఏళ్ళకే గర్భసంచి తీసేశారు. రెండు సీసాల రక్తం ఎక్కించారు. డబ్బిచ్చి కొన్న రక్తం. ఈ వైరస్‌ని గుర్తించిందే 1989లో. సుప్రీంకోర్టు తీర్పుతో రక్తం అమ్మకాలపై నిషేధం అమల్లోకొచ్చింది 1998లో. అక్కడే సోకిందని నేను రుజువు చెయ్యలేను. కానీ ఆ ఆపరేషన్ సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు రాకపోవడమే నన్ను బాధించింది.

డాక్టరు ఆర్‌ఎన్‌ఏ పరీక్ష రాశారు. వైరస్ లేదని తేలింది. ఇదే ప్రశ్నని ఇంకో దారిలో అడిగేది కోర్ యాంటిజెన్ పరీక్ష. దాని గురించి చదువుతుంటేనే మోనోక్లోనల్ యాంటీబాడీలు పరిచయమయ్యాయి. 1975లో కేంబ్రిడ్జిలో కోలర్, మిల్‌స్టైన్ కనిపెట్టిన పద్ధతి అది. ఎలుక ప్లీహంలో యాంటీబాడీలు తయారుచేసే కణాన్ని కాన్సర్ కణంతో కలుపుతారు. ఆ జంటకణం ఆగకుండా పెరుగుతూ ఒకే రకం యాంటీబాడీని ఇస్తుంది. అది వైరస్ ప్రోటీన్‌లో ఒక్కచోటునే గుర్తుపడుతుంది. పరీక్షలో ఒక యాంటీబాడీ కోర్ ప్రోటీన్‌ని పట్టి ఉంచుతుంది, రెండోది దానిమీద వాలి ఉనికిని చూపిస్తుంది. ఒంటి జ్ఞాపకాన్ని కాక, వైరస్‌నే అడగడమన్నమాట. ఆర్‌ఎన్‌ఏ పరీక్షకి బదులుగా దీన్ని వాడొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో చెప్పింది.

ఈ రెండో ప్రశ్న దాకా ఎంతమంది ఆడవాళ్ళు వెళ్ళగలుగుతున్నారు? వైరస్ ఉన్నా 12 వారాల మాత్రలతో 95 శాతానికి పైగా నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలూ మందులూ ఉచితమే. అయినా మొదటి కాగితం దగ్గరే భయపడి, సిగ్గుపడి ఆగిపోయే పిన్నిలు మన ఇళ్ళలో ఉన్నారు.

వైరస్ లేదనీ, ఉన్నా కంచంతో, గ్లాసుతో అంటదనీ అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. “పాజిటివ్ పాజిటివేగా” అంది తోడికోడలు.

“ఒంట్లోంచి అది పోయిందన్నావు సరే. గ్లాసు లోపలికి రావడానికేం పరీక్షుందే?” అంది పిన్ని.

నా దగ్గర జవాబు లేదు. నూతిగట్టు మీది గ్లాసు తీసుకుని, దాంతోనే మంచినీళ్ళు తాగాను.