పదునాఱవ అంకె

సంఖ్యలను చదువుటయు వ్రాయుటయు బాలురకు నేర్పుట చిన్న పని కాదని శిక్షణ కళాశాలలో మాకు చెప్పిరి. ఏకస్థానము, దశస్థానము, శతస్థానము అని పలికించుచు ఇరువది సంవత్సరములకు పైగా ఆ పాఠమునే చెప్పుచు వచ్చితిమి. అట్టి మేమే గడచిన సంవత్సరము అంకెల విషయమున నొక పొరపాటు చేసితిమి. వ్రాయుటకు కొంచెము సిగ్గుగా నున్నను వ్రాయుచున్నాము.

మా పాఠశాల పూర్వవిద్యార్థులు కొందఱు కూడి బీదపిల్లల పుస్తకములకై ధనము పంపిరి. దానిని తల్లిదండ్రుల బ్యాంకు ఖాతాలకు చేర్చుటకు జాబితా తయారుచేయు పని మాకు అప్పగింపబడెను. మేము కంప్యూటరు నెదుట గూర్చుండి స్ప్రెడ్‌షీటులో పేరు, తరగతి, ఖాతా నంబరు టైపు చేసితిమి. చాలమంది నంబర్లకు పదునొకండు అంకెలు. ఇద్దఱివి మాత్రము పదునాఱేసి. తొమ్మిదవ తరగతి బాలిక యొకతెకు తప్ప అందఱికిని ధనము చేరెను. ఆమెది తిరిగి వచ్చెను.

మేము ఆమెను నిలువబెట్టి, "మీ నాన్న నంబరు తప్పు వ్రాయించినాడమ్మా" అంటిమి. తరగతి యంతయు వినుచుండగా అంటిమి. ఆమె మాఱుపలుకలేదు.

మఱునాడు తండ్రి వచ్చెను. తాపీపని చేసికొను మనిషి. సంతకము మాత్రమే వచ్చును. గడప యొద్దనే నిలిచి, "పంతులుగారూ, నాకు చదువు లేదు గాని ఆ నంబరు నోటికొచ్చండి. చెప్పమంటారా?" అని తడుముకొనక పదునాఱు అంకెలును చెప్పెను. పట్టికతో పోల్చితిమి. పదునైదు సరిపోయెను. చివరిది ఆయన ఏడనెను. పట్టికలో సున్న యుండెను. ఆయన మొదట ఇచ్చిన కాగితము తీసి చూచితిమి. అందులోను ఏడే.

మేము టైపు చేసినదియు ఏడే. మఱి సున్న యెట్లు వచ్చెను?

మనము మీటలు నొక్కినప్పుడు యంత్రమునకు చేరునది సంఖ్య కాదు, గుర్తుల వరుస. దానిని సంఖ్యగా మార్చు పనిముట్టును ప్రోగ్రాములు వ్రాయువారు ఫంక్షను అందురు. అది చేయునది మన చిన్న తరగతుల పాఠమే. ఎడమనుండి ఒక్కొక్క అంకెను తీసికొని, అంతవఱకు వచ్చినదానిని పదింతలు చేసి, క్రొత్త అంకెను కలుపును. 345 అనగా మొదట 3, పిమ్మట 34, ఆపైన 345. పద్ధతిలో దోషము లేదు. ఫలితమును పోయు పాత్రకు హద్దు గలదు. ఋణసంఖ్యలకును చోటిచ్చు 32 బిట్ల పాత్రలో 2,14,74,83,647 కంటె పెద్దది పట్టదు. దశాంశములకు గూడ పనికివచ్చు 64 బిట్ల పాత్ర పెద్దదే గాని, అందు అంకెలకు దక్కునది 53 బిట్ల వివరమే. కావున 9,00,71,99,25,47,40,992 దాటిన పిమ్మట బేసిసంఖ్యలకు చోటే లేదు. జావాస్క్రిప్టు భాషలో సాధారణసంఖ్యగా 9007199254740993 అని వ్రాసినచో 992తో ముగియుదానినే తిరిగి చూపును. తప్పు జరిగినదని ఒక్క మాటయైన ననదు. మా స్ప్రెడ్‌షీటు పదునైదు అంకెలను నిలుపుకొని, తక్కినవానిని సున్నలుగా చేయును. రెండవ పదునాఱంకెల నంబరు నిజముగానే సున్నతో ముగిసినది. అందుచేత ఆ బాలునికి ధనము చేరినది, మా అనుమానము తండ్రి మీదికి పోయినది.

ఈ ఫంక్షనులలోను మంచివి గలవు. సీ భాషలో ఒకటి, సంఖ్య పాత్రలో పట్టనప్పుడు పట్టగల పెద్దసంఖ్యను చేతికిచ్చి, హద్దు దాటినదని వేఱుగా గుర్తు పెట్టును. మఱియొకటి పట్టనిదానిని ఏమి చేయునో భాషానియమములే చెప్పవు. మాకు మొదటిదానియందే గౌరవము. పైథాను భాషలో పూర్ణసంఖ్యకు ఇట్టి హద్దు లేదు. అయినను అంకెలు పెరిగినకొలది మార్పిడికి పట్టు కాలము విపరీతముగా పెరుగును; దుష్టులు మిక్కిలి పొడవైన వరుసలు పంపి యంత్రమును స్తంభింపజేయుదురను భయముచే 2022లో 4300 అంకెలకు పైబడినవానిని మార్చుటకు ముందే నిరాకరించునట్లు చేసిరి.

చూపుటలోను చిక్కు గలదు. మా నంబరు మొదట 'ఈ ప్లస్ 15' అను తోకతో కుఱుచగా కనబడెను. మేము నిలువుగడిని వెడల్పు చేసి, పూర్తి అంకెలు చూపునట్లు మార్చి తృప్తిపడితిమి. పోయిన అంకె వెడల్పుతో తిరిగి వచ్చునా?

నిజమునకు ఖాతా నంబరు సంఖ్యయే కాదు. రెండు ఖాతాలను కూడి మొత్తము చెప్పుమని ఎవరు అడుగుదురు? అది అంకెలతో వ్రాసిన పేరు. ట్విట్టరువారు 2010లో తమ సందేశముల గుర్తుసంఖ్యలు 53 బిట్లను మించనున్నవని తెలిసి, ప్రతిదానిని సంఖ్యగాను, అక్షరమాలగాను రెండు విధముల పంపసాగిరి. మేమును నంబర్లు టైపు చేయుటకు ముందే ఆ గడిని 'టెక్స్టు' అని నిర్ణయించి యుండవలసినది. తరువాత మార్చిన లాభము లేదు.

ధనము రెండవమారు పంపితిమి, చేరెను. అదే తరగతిలో నిలిచి, తప్పు మాదే గాని ఆమె తండ్రిది కాదని చెప్పితిమి. పిల్లలు కొంతసేపు నిశ్శబ్దముగా నుండిరి. పిమ్మట ఆ బాలికయే లేచి, "అయితే మాస్టారండీ, మా నాన్న చెప్పిన ఏడు ఎక్కడికి పోయిందండీ?" అనెను. మేము సుద్దముక్క తీసికొని నల్లబల్ల మీద 345 అని వ్రాసితిమి.