ఒక్కడు తప్పు చేస్తే ఊరంతా చచ్చే ఆట



పాస్టరు కంప్యూటర్ గేము గురించి రాయడమేమిటని కొందరు నొసలు చిట్లిస్తారని తెలుసు. మా సంఘ పెద్దల్లో ఇద్దరు ఆ మాట ముఖం మీదే అన్నారు. అయినా ఈ వారం దాని గురించే రాస్తున్నాను. యెహోషువ గ్రంథము ఏడవ అధ్యాయాన్ని ఇరవై ఏళ్లుగా బోధిస్తున్న నాకు, ఆ అధ్యాయం లోపలికి వెళ్లి నిలబడితే ఎలా ఉంటుందో ఈ ఆట చూపించింది.

ఆట పేరు 'ది ఫర్గాటెన్ సిటీ'. మరచిపోయిన పట్టణం అన్నమాట. నేను చెప్పేది విడిగా అమ్మిన ఆట కాదు. 2011లో బెథెస్డా అనే అమెరికా కంపెనీ 'స్కైరిమ్' అనే పెద్ద ఆటను విడుదల చేసింది. కత్తులు, మంచు కొండలు, డ్రాగన్లు ఉండే లోకం అది. మరుసటి ఏడాది, ఆ ఆటలో మార్పులు చేసుకునే పనిముట్లను కూడా జనం చేతికి ఉచితంగా ఇచ్చింది. దాంతో ఇష్టమున్నవాళ్లు అందులో కొత్త ఊళ్లు, కొత్త మనుషులు, కొత్త కథలు కట్టడం మొదలుపెట్టారు. వాటిని మాడ్లు అంటారు. క్రిస్మస్ వచ్చిందంటే మన యౌవనస్థులు తెలిసిన వరస తీసుకుని కొత్త పాట కట్టుకుంటారు చూడండి, అలాంటిదే. చాలావరకు కట్టినవాడికి రూపాయి రాదు, పాడుకున్నవాడు రూపాయి ఇవ్వనక్కర్లేదు.

ఈ మాడ్ కట్టినాయన నిక్ పియర్స్. ఆస్ట్రేలియా దేశస్థుడు, వృత్తికి లాయరు. పగలు ఉద్యోగం చేసుకుంటూ, మిగిలిన వేళల్లో మూడేళ్లపాటు, దాదాపు 1,700 గంటలు కూర్చుని దీన్ని తయారుచేశాడు. 2015లో ఉచితంగా పెట్టాడు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా రచయితల సంఘం దీనికి అవార్డు ఇచ్చింది. ఒక మాడ్‌కి అలాంటి గౌరవం దక్కడం అదే మొదలు. ఆ తర్వాత ఆయన ఉద్యోగం మానేసి, అదే కథను రోమా పట్టణంలాంటి చోటికి మార్చి 2021లో విడి ఆటగా తెచ్చాడు. అది ఇంకా బాగుంటుందంటారు. నాకు మాత్రం ఈ మొదటిదే ఇష్టం. ఒక లాయరు రాత్రిళ్లు కూర్చుని, జీతం లేకుండా, ఒక్కడి తప్పుకు అందరినీ శిక్షించడం న్యాయమేనా అని ఆలోచించాడంటే ఆ ప్రశ్న ఆయన్ని నిద్రపోనివ్వలేదని నా ఊహ.

ఇది నా దాకా ఎలా వచ్చిందంటే, 2021 మే నెల. మా అక్క కొడుకు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఇంటి నుంచే పని కాబట్టి లాప్‌టాప్ సంకన పెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం నుంచి కర్ఫ్యూ. మందిరం మూసి ఉంది. వాడు మందిరానికి రావడం మానేసి మూడేళ్లయింది, నేను అడగలేదు, వాడు చెప్పలేదు. సాయంత్రం పని అయ్యాక వరండాలో కూర్చుని ఆడుతుంటే పక్కన కుర్చీ వేసుకున్నాను. వాడు ఆడేవాడు, తెర మీద వచ్చే మాటలు నేను చదివేవాణ్ణి. సెమినరీలో నేర్చుకున్న ఇంగ్లీషు అలా అక్కరకొచ్చింది.

కథ ఇది. భూమి అడుగున ఒక పురాతన పట్టణం. మనం వెళ్లేసరికి అది పాడుపడి ఉంటుంది, మనుషులంతా ఎప్పుడో చచ్చిపోయారు. అక్కడున్న ఒక ద్వారంగుండా వెళ్తే కాలం వెనక్కి తిరుగుతుంది, ఆ మనుషులు బ్రతికుండగా కనబడతారు. వాళ్లు అందులో చిక్కుకుపోయారు, బయటికి దారి లేదు. ఆ పట్టణానికి ఒకే ధర్మశాస్త్రం: ఒక్కరు పాపం చేస్తే అందరూ చావాలి. ఎవడో ఒకడు దాన్ని మీరబోతున్నాడు. వాడెవడో కనిపెట్టి ఆపాలి. ఆపలేకపోతే యంత్ర భటులు లేచి అందరినీ చంపేస్తారు. మనం ద్వారం దాకా పరుగెత్తి మళ్లీ మొదటికి రావాలి. మళ్లీ వాళ్లంతా ఏమీ ఎరగనట్టు పలకరిస్తారు. వాళ్లు చావడం చూసింది, గుర్తున్నది మనకొక్కరికే.

ఆ చివరి సంగతి నన్ను పట్టుకుంది. ఫలానా ఇంట్లో ఏమి జరిగిందో, ఫలానా తల్లి రాత్రి ఏమి ప్రార్థించుకుందో తెలిసి, ఆదివారం అందరితో మామూలుగా నవ్వి కరచాలనం చేసే పని నాది కూడా.

రెండో రోజు మావాడు ఎవరూ చూడడం లేదనుకుని ఒక ఇంట్లో సరుకేదో జేబులో వేసుకున్నాడు. అంతే, యంత్రాలు లేచాయి. అంతకుముందే మాతో మాట్లాడిన మనుషులు ఒక్కొక్కరే పడిపోతున్నారు. వాడు గేము ఆపేసి నావైపు తిరిగాడు.

"మావయ్యా, ఇది మీ ఆకాను కథే కదా?"

"మీ ఆకాను అంటావేరా అల్లుడూ? సండే స్కూల్లో నువ్వూ నేర్చుకున్నావుగా."

"నేర్చుకున్నాను. హాయి దగ్గర ముప్పై ఆరుమంది చచ్చిపోయారు. వాళ్లు వస్త్రం దొంగిలించారా? ఆకాను కూతుళ్లు ఏం చేశారు?"

నా దగ్గర జవాబులు లేకపోలేదు. నిబంధన జనాంగమంటే ఒక్క దేహమని, శపితమైనదాన్ని ముట్టినవాని దోషం పాళెమంతటికీ అంటుతుందని సెమినరీలో చదివాము. అది నేటికీ నమ్ముతాను. యెహెజ్కేలు పద్దెనిమిదో అధ్యాయంలో కుమారుడు తండ్రి దోషశిక్షను మోయడనే మాట ఉందనీ చెప్పగలను. కానీ తెర మీద పడివున్న ఆ మనుషుల ముందు కూర్చుని వ్యాఖ్యానం చెప్పబుద్ధి కాలేదు. "ఆడు, చూద్దాం" అన్నాను.

ఆకాను మీద ప్రసంగమంటే మనమంతా ఒకే వైపు వెళ్తాము. నీ గుడారంలో ఏమి పాతిపెట్టావు, తీసి బయట వెయ్యి అంటాము. మంచిదే. పక్క గుడారంవాళ్ల సంగతి మాత్రం ఎవరమూ చెప్పము. చీట్లు గోత్రం మీద పడి, వంశం మీద పడి, ఇంటి మీద పడుతుంటే ఆ పక్కవాళ్లు ఒకరినొకరు ఏ కళ్లతో చూసుకున్నారు? ఈ ఆటలో అది కనబడుతుంది. ఆ పట్టణంలో దొంగతనం లేదు, హత్య లేదు. పైకి చూస్తే ఏ పాస్టరుకైనా ముచ్చటేసే సంఘం. కానీ ఎవరిమీదా ఎవరికీ నమ్మకం లేదు. ఎవడివల్ల చస్తామోనని ప్రతివాడూ పక్కవాణ్ణి కనిపెట్టుకుని ఉంటాడు.

మరి ఆటలో ముందుకు పోవడానికి దారేమిటి? కత్తి పెద్దగా పనికి రాదు. (కొన్నిచోట్ల పోట్లాటలున్నాయి, అవి నాకు నచ్చలేదు, ఆ వేళకు లేచి కాఫీ తెచ్చుకునేవాణ్ణి. ఇది పిల్లల ఆట కాదు, చిన్నవాళ్లకు చూపించకండి.) ఇల్లిల్లూ తిరగాలి. తలుపు తట్టాలి, కూర్చోవాలి, అడగాలి, వినాలి. ఎవడికి ఏ కష్టముందో, ఎవడు ఎవడికి భయపడుతున్నాడో తెలుసుకోవాలి. మనం గృహ దర్శనం అంటామే, అచ్చం అది. ఇన్ని ఆటలున్న లోకంలో నాకిది ఎందుకు ఇష్టమని మావాడు అడిగితే ఇదే చెప్పాను. వాడు ఆడే మిగతా ఆటల్లో తలుపు బద్దలు కొట్టడమే చూశాను.

అప్పుడు మా ఊళ్లో జరుగుతున్నది వేరే కాదు. మా సంఘ సభ్యుడొకడు లారీ క్లీనరు. లోడు దింపి ఇంటికొచ్చిన వారంలోపే అతని తల్లి జబ్బుతో చనిపోయింది. తర్వాత అదే వీధిలో మరో ఇద్దరు. ఎవరినుంచి ఎవరికి వచ్చిందో ఏ డాక్టరూ చెప్పలేదు, ఊరు మాత్రం తీర్పు చెప్పేసింది. వీడే తెచ్చాడు అన్నారు. బోరింగు దగ్గర అతని భార్య వస్తే మిగతావాళ్లు బిందెలు తీసుకుని వెళ్లిపోయేవారు. జబ్బు భయం కొన్నాళ్లు. జబ్బు తగ్గాక కూడా బిందెలు కదులుతూనే ఉన్నాయి.

నేను ఒక ఉదయం కర్ఫ్యూ మొదలవకముందు మాస్కు పెట్టుకుని వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద దూరంగా కూర్చున్నాము. బైబిలు తీయలేదు. చాలాసేపటికి అతను అడిగాడు: "అయ్యగారూ, నావల్లే పోయిందంటారా అమ్మ?"

"నీ తల్లి గురించి చెప్పు, నేను ఈ ఊరు రాకముందు ఎలా ఉండేది?" అన్నాను. చెప్పాడు. పొగాకు బేరన్ దగ్గర కూలికి వెళ్లి అతన్ని ఎలా చదివించాలనుకుందో, అతను ఏడో తరగతిలో ఎలా పారిపోయాడో, అన్నీ. పన్నెండు కొట్టే ముందు లేచాను. అతను అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని ఇద్దరికీ తెలుసు. మర్నాడు మళ్లీ వెళ్లాను.

మందిరం తెరిచిన మొదటి ఆదివారం అతను చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, చివర కూర్చున్నాడు. చుట్టూ ఖాళీ. అందరం దూరంగానే కూర్చున్నాం గానీ అతని చుట్టూ ఉన్నది వేరే ఖాళీ. కానుక సంచి అతని దాకా వెళ్లింది. వేశాడు. పక్క వరసవాడు చేయి చాపలేదు. సంచి అతని చేతిలోనే ఉండిపోయింది. నేను పుల్పిట్ దగ్గర నుంచి చూస్తున్నాను, పాట నడుస్తోంది. ఇంతలో ద్వారం దగ్గర నిలబడ్డ మా అల్లుడు వచ్చి సంచి అందుకుని, తనూ ఏదో వేసి, పక్క వరసవాడి చేతిలో పెట్టాడు. వాడు వచ్చాడని అప్పటిదాకా నాకు తెలియదు.

తర్వాతి ఆదివారం వాడు రాలేదు. నేను అడగలేదు. ఆ ఆటకు ముగింపులు ఒకటికన్నా ఎక్కువున్నాయి. మాకు మొదట దొరికిన దాంట్లో పట్టణంలో అందరూ బ్రతకలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక వాడే లాప్‌టాప్ తెరిచి, "మావయ్యా, అందరినీ బయటికి తెచ్చే దారి ఉందేమో చూద్దాం, కళ్లజోడు తెచ్చుకో" అన్నాడు.