కత్తి మందం

మూడు రోజులుగా ఒక్క కత్తి దగ్గరే ఆగిపోయాను. గేమ్‌లో 1400 ప్రాంతపు యూరప్ యోధుడి చేతికివ్వాల్సిన లాంగ్‌సోర్డ్. బ్లెండర్‌లో 3డి మోడల్ మొదటి రోజే అయిపోయిందనుకున్నా. తీరా లైటింగ్‌ పెట్టి చూస్తే కత్తిలా లేదు, ఇనప బద్దకి పిడి తగిలించినట్టుంది!

పక్కకి తిప్పి చూస్తేగానీ తప్పు దొరకలేదు. పిడి నుంచి మొన దాకా మందం ఒకేలా లాగేశాను. అసలైనవి చాలావరకు అలా ఉండవు. పిడి దగ్గర ఐదారు మిల్లీమీటర్లుంటే, మొన చేరేసరికి అందులో సగానికి పలచబడతాయి. అందుకే అంత పొడుగు కత్తీ దాదాపు కిలోన్నరే తూగేది. సినిమాల్లో హీరో బియ్యం మూట ఎత్తినట్టు ఎత్తుతాడే, అదంతా నటన.

అలుగు మధ్యలో గాడి కూడా చెక్కాను, అందం కోసం. రక్తం కారడానికని చాలామంది అంటారుగానీ, అది బరువు తగ్గించడానికి. ఆ గాడినీ తీసేయాల్సి వచ్చింది. ఎవార్ట్ ఓక్‌షాట్ మధ్యయుగపు కత్తుల్ని అలుగు ఆకారాన్ని బట్టి రోమన్ అంకెలతో రకాలుగా విడదీశాడు. నాక్కావలసింది అందులో 15ఏ. కవచం సందుల్లోకి పొడవడానికి చేసింది కాబట్టి మొన సూదిగా, గాడికి బదులు నడుమ వెన్నులా గట్టు లేచి ఉంటుంది.

ఇంత చేశాక మా టీమ్ లీడ్ ఏమన్నాడో తెలుసా? "బాగుంది బాస్, కానీ ఫోన్‌లో ఆనదు. కాస్త లావు చెయ్యి."

వెడల్పు పెంచాను. మందం మాత్రం ముట్టుకోలేదు.